వాగు ఒడ్డు నిలబడాలంటే: మొక్క కంటే ముందు చేయాల్సిన పనులు

జూలైలో వాగు ఒడ్డున నాటిన మొక్కలు సెప్టెంబరు వరదకు కొట్టుకుపోతే తప్పు మొక్కలది కాదు, నిలవని గట్టు మీద వాటిని నాటడానిది. మన దగ్గర వాగు ఒడ్డు బాగుచేయడమంటే మొక్కలు పెట్టడమనే అర్థం స్థిరపడిపోయింది. గుంతలెన్ని తీశారు, మొక్కలెన్ని పెట్టారు అన్నదే లెక్క. గట్టు ఎందుకు కూలుతోంది, కూల్చే కారణం ఇంకా అక్కడే ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి పనుల వరుసలో మొక్క చివరిది. ముందు గట్టును దెబ్బతీస్తున్నదాన్ని ఆపాలి. తర్వాత గట్టు అడుగును, వాలును సరిచేయాలి. ఆ తర్వాతే గడ్డి, పొద, చెట్టు. ఈ వరుస తప్పితే పెట్టిన ఖర్చంతా గంగపాలే.

2022 మార్చిలో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 13 నదులను అడవుల పెంపకం ద్వారా పునరుద్ధరించే ప్రణాళికలు విడుదల చేసింది. వాటిలో గోదావరి, కృష్ణ ఉన్నాయి. మొత్తం అంచనా రూ.19 వేల కోట్లు దాటింది. అయితే ఆ పెద్ద నదుల్లోకి నీళ్లూ మట్టీ మోసుకొచ్చేది ఊళ్ల పక్కన పారే వాగులూ వంకలే. పని మొదలుపెట్టాల్సింది అక్కడ. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఎండాకాలం ఇసుక కనిపించి వానాకాలం పొంగే వాగులకు వర్తిస్తాయి: వెడల్పు 10 నుంచి 40 మీటర్లు, గట్టు ఎత్తు 3 మీటర్ల లోపు. తెలంగాణలో, రాయలసీమలో చాలా వాగులు ఈ కోవలోవే. గోదావరి లంకల్లో జరిగే కోత వేరే లెక్క. అక్కడ ప్రవాహం బలానికి గడ్డీ పొదా చాలవు, ఇంజినీర్లు లెక్కకట్టి కట్టే రాతి పనులు కావాల్సిందే.

ఒడ్డు చేసే పని

వరద ఎక్కి దిగే మేర, ఊట తేమ అందే మేర, ఆ తేమ మీద బతికే చెట్లున్న మేర అంతా ఒడ్డు కిందికే వస్తుంది. వరదప్పుడు నీరు ఇసుకలోంచి, ఒండ్రులోంచి పక్కలకు ఇంకుతుంది. వరద తగ్గాక అదే నీరు వారాల తరబడి వెనక్కి ఊరుతుంది. సంక్రాంతి దాటాక కూడా వాగులో చెలమ తీస్తే నీళ్లు పడ్డాయంటే అందులో ఒడ్డు దాచిపెట్టిన నీళ్లు కూడా ఉంటాయి. ఇసుక తోడేసి వాగు అడుగు లోతుకు పోయిన చోట ఈ నిల్వ ఉండదు. పక్క పొలాల ఊట కూడా త్వరగా వాగులోకి దిగిపోయి బావుల మట్టం పడిపోతుంది. ఒడ్డున ఏరుమద్ది చెట్టు పైకొమ్మల నుంచి ఎండుతూ వస్తుంటే తెగులు కోసం వెతికే ముందు వాగు అడుగు ఎంత కిందికి పోయిందో కొలవాలి.

ఇక వడపోత. పొలం మీద నుంచి వచ్చే వాన నీటిలో మట్టి, ఎరువు, పురుగుమందు కలిసి ఉంటాయి. ఒత్తుగా గడ్డి ఉన్న 5–10 మీటర్ల పట్టీ దాటేసరికి నీటి వేగం తగ్గి బరువైన మట్టి చాలావరకు అక్కడే దిగుతుంది. మట్టిని అంటుకుని వచ్చే భాస్వరం దానితోపాటే ఆగుతుంది. నీటిలో కరిగిపోయే నత్రజని అంత తేలిగ్గా ఆగదు. అది భూమిలోకి ఇంకి, చెట్ల వేళ్లుండే తడి పొరలోంచి మెల్లగా సాగాలి. గాలి ఆడని ఆ తడిలో బతికే సూక్ష్మజీవులు నైట్రేటును వాయువుగా మార్చేస్తాయి. దానికి 15–30 మీటర్ల వెడల్పు ఉంటే మేలు.

అమెరికా అటవీ శాఖ 1990ల మొదట్లో తయారుచేసిన మూడు పట్టీల నమూనా చాలాచోట్ల ఉదాహరణగా చూపిస్తారు: నీటి అంచున 15 అడుగుల మేర ముట్టుకోకుండా వదిలేసే చెట్లు, దాని వెనక 60 అడుగుల మేర అవసరానికి కోసుకునే చెట్లు, పొలం వైపు 20 అడుగుల గడ్డి. మొత్తం 95 అడుగులు. వాగు పక్కన రెండెకరాలున్న రైతును అంత వదలమని అడగడం న్యాయం కాదు. కానీ ఆ వరస మనకు పనికొస్తుంది. ఒక్కో పట్టీని కుదించినా సరే, నీటి దగ్గర కదపనిది, మధ్యలో ఆదాయమిచ్చేది, పొలం అంచున గడ్డి అన్న క్రమం మారకూడదు.

గట్టు ఎందుకు కూలుతుంది

వరద గట్టును పైనుంచి కోసుకుంటూ రాదు. వేగంగా పారే నీరు గట్టు అడుగున మట్టిని లాగేస్తుంది, పైభాగం ఆధారం లేక పెళ్లలుగా విరిగిపడుతుంది. మలుపులో బయటి వైపు కోత, లోపలి వైపు మేట ఉండటం ఇందుకే. దీనివల్ల ఒక సూత్రం తేలుతుంది: గట్టు ఎత్తు వేళ్ల లోతు కంటే ఎక్కువైతే పైన ఎంత పెద్ద చెట్టున్నా గట్టును ఆపలేదు. నీరు వేళ్ల కింద నుంచి తవ్వుకుపోతుంది. చెట్టు తన బరువుతో కూలుతూ మరో రెండు మీటర్ల గట్టును తోడు తీసుకెళుతుంది. నిటారు గట్టు అంచున వెదురు పొద పెట్టడం ప్రమాదం అనేది అందుకే. వెదురు వేళ్లు దట్టమైనవే గానీ ఎక్కువ భాగం పైపొరలోనే అల్లుకుంటాయి. అడుగు కోతపడితే పొద మొత్తం వాగులో పడి, ప్రవాహాన్ని ఎదుటి గట్టు మీదికి తిప్పుతుంది.

ఇంకో కారణం చాలామంది గమనించనిది. గట్లు ఎక్కువగా కూలేది వరద ఉధృతంగా ఉన్నప్పుడు కాదు, తగ్గేటప్పుడు. నిండుగా పారే నీరు గట్టును పక్కనుంచి నొక్కి పట్టి ఉంచుతుంది. నీరు గబగబా దిగిపోతే ఆ ఆసరా పోతుంది. గట్టు లోపల మాత్రం తడి, బరువు అలాగే ఉంటాయి. రాత్రి వరద తగ్గితే తెల్లారేసరికి గట్టు జారిపోయి కనిపించడం ఇలాగే. నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. ఎండాకాలం గట్టు అంచుకు సమాంతరంగా నెర్రెలు పడతాయి. తొలకరి నీరు ఆ నెర్రెల్లోకి దిగి, పెళ్లను వెనకనుంచి విడదీస్తుంది.

మూడోది పైనుంచి దిగే నీరు. పొలం గనిమెకు గండి కొట్టి నీళ్లను వాగులోకి వదిలే చోటు చూడండి. మొదటి ఏడు చిన్న గాడి, మూడో ఏటికి అది పొలంలోకి పాకే లోతైన గండి. మలుపుల కోతను అందరూ చూస్తారు. వాగు వెంట నడిస్తే మాత్రం చాలా చోట్ల గట్టు తెగింది ఈ పక్క నీటి వల్లేనని తెలుస్తుంది.

నాలుగోది ఇసుక. తవ్విన గుంత ఉన్నచోటే ఉండిపోదు. వరద వచ్చినప్పుడు గుంత పై అంచు తెగుతూ ఎగువకు పాకుతుంది. మోయాల్సిన ఇసుక గుంతలో పడిపోయిన నీరు, దిగువకు వెళ్లాక ఆ లోటును అడుగునూ గట్టునూ కోసి పూడ్చుకుంటుంది. అందుకే ఒక ఊరి దగ్గర తోడిన ఇసుకకు ఎగువ ఊరి వంతెన పునాదులు బయటపడతాయి, దిగువ ఊరి గట్టు తెగుతుంది. అడుగు ఒక మీటరు దిగితే గట్టు ఎత్తు ఒక మీటరు పెరిగినట్టే. నిన్నటిదాకా వేళ్లకు అందిన గట్టు ఇవాళ అందదు. ఎగువన ఇసుక తవ్వకం సాగుతుండగా దిగువన మొక్కలు నాటడం నిష్ఫలం.

చెక్‌డ్యాములను కూడా ఈ లెక్కలోనే చూడాలి. వాటి పక్క గోడలు గట్టులోకి తగినంత దూరం చొచ్చుకుపోకపోతే నీరు కట్టడాన్ని వదిలేసి పక్కనుంచి తోవ చేసుకుంటుంది. కట్టడం చెక్కుచెదరకుండా నిలబడి, పక్కన పది మీటర్ల గట్టు మాయమైన చోట్లు మన వాగుల మీద కొత్త కాదు.

ఏప్రిల్‌లో నడక, గ్లాసులో మట్టిపెళ్ల

పనికి ముందు వాగు వెంట రెండుసార్లు నడవాలి. ఒకసారి ఏప్రిల్–మే నెలల్లో, అడుగు పూర్తిగా కనిపించేటప్పుడు. మరోసారి మొదటి పెద్ద వరద దిగిన వెంటనే. టేపు, రెండు కర్రలు, జీపీఎస్ ఉన్న ఫోను చాలు. ప్రతి 50 మీటర్లకు వాగు వెడల్పు, రెండు గట్ల ఎత్తు, అంచున నెర్రెలు, పొలం నీరు దిగే చోట్లు, పశువులు దిగే చోట్లు, ఇసుక గుంతలు రాసుకోవాలి. కొమ్మలకు చిక్కిన చెత్త వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతుంది. ఆ గుర్తు కూడా నమోదు చేయాలి.

మట్టి స్వభావం తెలియకుండా గట్టు మీద పార పెట్టకూడదు. దానికి చిన్న పరీక్ష ఉంది. గట్టు పైభాగం, మధ్య, అడుగు నుంచి ఎండిన మట్టిపెళ్లలు తెచ్చి, శనగ గింజంత ముక్కలుగా చేసి, వాన నీళ్లున్న గాజు గ్లాసుల్లో ఒక్కో ముక్క వదలాలి. కలపకూడదు, కదపకూడదు. పది నిమిషాల తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత మరోసారి చూడాలి. ముక్క విడిపోయి కుప్పగా కూర్చుని నీరు తేటగానే ఉంటే ఇబ్బంది లేదు, గడ్డి వేళ్లు ఆ మట్టిని పట్టుకుంటాయి. ముక్క చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి మబ్బు పరుచుకుంటే అది సోడియం ఎక్కువున్న చౌడు మట్టి. నీటిలో కరిగిపోయే రకం. ఈ పరీక్షకు బోరు నీళ్లు వాడితే మోసపోతాం. ఆ నీటిలోని లవణాలు మబ్బు లేవకుండా అణచిపెడతాయి. చౌడు తేలిన గట్టును చెక్కి వాలు చేస్తే లోపలి మట్టి బయటపడి ఒక్క వానకే సొరంగాలు పడతాయి. అక్కడ తవ్వకం తగ్గించి, జిప్సం కలిపి, పైన 20–30 సెంటీమీటర్ల మంచి మట్టి కప్పి, వెంటనే గడ్డి పట్టించాలి. నీరు నిలిచే గుంతలు, కందకాలు అసలే వద్దు.

కోత ఎంత వేగంగా ఉందో తెలుసుకోవడానికి మీటరు పొడవు, 10–12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప చువ్వలు మూడు తీసుకుని, గట్టు ముఖంలోకి అడ్డంగా, మూడు ఎత్తుల్లో దిగ్గొట్టి 10 సెంటీమీటర్లు బయటికి వదలాలి. ప్రతి వరద తర్వాత బయటికొచ్చిన పొడవు కొలిస్తే గట్టు ఎంత పోయిందో, ఏ ఎత్తులో పోయిందో తెలుస్తుంది. అడుగు చువ్వ ఒక్కటే బయటపడుతుంటే రోగం అడుగున ఉంది. పై చువ్వలు బయటపడుతుంటే పైనుంచి దిగే నీళ్లో, పశువులో కారణం. చికిత్స దాన్ని బట్టే.

అన్ని కోతలనూ ఆపాల్సిన పని లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. లకుముకి పిట్టలు, పసిరిక పిట్టలు గూళ్లు తవ్వుకునేది నిటారు మట్టి గట్టులోనే. ఇల్లు, దారి, బావి ముప్పులో లేని చోట సహజంగా తెగే మలుపు ఒకటి అలాగే వదిలేస్తే వాగుకూ మంచిదే, పిట్టలకూ మంచిదే.

ముందుగా ఆపాల్సినవి

పశువులను వాగుకు రానివ్వమంటే కుదరదు, అలా అనడం తగదు కూడా. అవి ఎక్కడ పడితే అక్కడ దిగకుండా ఒకే చోట దారి చేయాలి. తిన్నగా పారే చోటో, మలుపు లోపలి వైపో చూసి, 4 మీటర్ల వెడల్పున, నిలువు 1కి అడ్డం 6 వాలుతో రాయి పరిచిన దారి వేయాలి. గట్టు ఎత్తు 2.5 మీటర్లయితే దారి పొడవు 15 మీటర్లు వస్తుంది. అది దిగువ దిశకు ఒరిగి దిగాలి. ఎగువకు తిరిగి ఉంటే వరద నీరు దారి వెంట పొలంలోకి ఎక్కుతుంది. మిగతా ఒడ్డుకు కంచెగా కిత్తనార, గచ్చ, వాక లాంటివి చాలు. పశువులను ఆపడానికి తవ్వే కందకం గట్టు అంచున పెడితే అందులో నిలిచిన నీరే గట్టును కూలుస్తుంది. కందకం తప్పనిసరైతే అంచు నుంచి కనీసం 10 మీటర్లు వెనక్కి జరగాలి.

పొలం నీరు దిగే చోట్లను తగ్గించి, రెండు మూడింటిని ఒకదానిలో కలిపి, రాయి పరిచిన జారుడు కాలువ కట్టాలి. దాని కింద, వాగు అడుగున, నీటి దెబ్బ తినడానికి పెద్ద రాళ్ల పరుపు ఉండాలి. అది లేకపోతే మొదటి ఏడే కాలువ అడుగు నుంచి ఊడుతుంది. కాలువలోకి రాకుండా మిగిలిన నీరు గడ్డి పట్టీ మీద పలచగా పరుచుకునేలా గనిమెను ఒకే మట్టంలో ఉంచాలి. ఎక్కడైనా గనిమె పల్లమైతే నీరంతా అటే పోగై, గడ్డి పట్టీని గాడి చేసుకుని దాటేస్తుంది. అప్పుడు పట్టీ వెడల్పు ఎంతున్నా వడపోత జరగదు.

వాలు, అడుగు

ఇక్కడే లెక్క వేసి రైతుకు ముందే చెప్పాలి. 2.5 మీటర్ల నిటారు గట్టును నిలువు 1కి అడ్డం 2 వాలుకు తెస్తే గట్టు అంచు 5 మీటర్లు వెనక్కి పోతుంది. మీటరు పొడవుకు 6.25 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. 100 మీటర్లకు 625 ఘనపు మీటర్ల మట్టి, 500 చదరపు మీటర్ల భూమి, అంటే దాదాపు 5 గుంటలు లేదా 12 సెంట్లు. వాలును 1కి 1.5 చేస్తే భూమి నష్టం 3.75 మీటర్లకు తగ్గుతుంది, గడ్డి పట్టడం కొంచెం కష్టమవుతుంది. తవ్విన మట్టిని వాగులోకి నెట్టకూడదు, గట్టు అంచున కుప్ప పోయకూడదు. అంచు మీద పడిన బరువు గట్టును ముందుకు తోస్తుంది.

భూమి నష్టం తగ్గించడానికి మధ్యేమార్గం ఒకటుంది: అడుగున రాయి, పైన వాలు. అడుగు వెంట 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోతు కందకం తీసి, అందులోంచి మొదలుపెట్టి 30–45 సెంటీమీటర్ల రాళ్లను వాగు అడుగుకు 60–80 సెంటీమీటర్ల ఎత్తు వరకు పేర్చాలి. రాళ్ల వెనక 10–15 సెంటీమీటర్ల కంకర పొర తప్పనిసరి. ఈ పొర లేకపోతే వరద తగ్గేటప్పుడు గట్టులోని నీరు మట్టిని రాళ్ల సందుల్లోంచి లాక్కొస్తుంది, రాళ్లు కుంగిపోతాయి. రాయి పని విఫలమైన చోట తవ్వి చూస్తే సాధారణంగా రెండింటిలో ఒకటి కనిపిస్తుంది: కందకం లోతు చాలలేదు, లేదా కంకర పొర వేయలేదు. రాయి పని రెండు చివరలనూ గట్టులోకి వంచి పూడ్చాలి, అక్కడినుంచే వరద వెనక్కి దూరుతుంది.

సిమెంటు గోడ గురించి ఒక మాట. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచెత్తిన తర్వాత గోడలు కావాలన్న కోరిక సహజమే. ఇళ్లు అంచుదాకా ఉన్న పట్టణంలో వేరే దారి లేకపోవచ్చు. కానీ పొలాల మధ్య పారే వాగుకు గోడ కట్టి, మలుపులు తీసేసి తిన్నగా చేస్తే నీరు వేగం పుంజుకుంటుంది. గోడ అయిపోయిన చోట ఆ వేగమంతా దిగువ రైతు గట్టు మీద పడుతుంది.

ఏది ఎక్కడ నాటాలి

వాలు పని ఫిబ్రవరి నుంచి మే లోపు ముగియాలి. ఆ వెంటనే కొబ్బరి పీచు వల పరిచి, వెదురు మేకులతో బిగిస్తే తొలి వానలకు మట్టి కొట్టుకుపోదు. ఆ వల రెండు మూడేళ్లలో మట్టిలో కలిసిపోతుంది, అప్పటికి వేళ్లు బాధ్యత తీసుకుంటాయి.

నాటే కాలం విషయంలో మామూలుగా చేసేదానికి భిన్నంగా ఆలోచించాలి. గట్టు పైభాగానికి జూన్–జూలై సరైనదే. వాలు కింది సగానికి మాత్రం అక్టోబరు–నవంబరు మేలు. వరదలు తగ్గి ఉంటాయి, అడుగున తేమ ఉంటుంది. వేసవిలో నీళ్లు పోసి కాపాడితే వచ్చే వానాకాలానికి ఏడెనిమిది నెలల వేరు ఉంటుంది. జూన్‌లో పెట్టిన పిలకకు ఆగస్టు వరద నాటికి రెండు నెలల వేరే ఉంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉంటాయి కాబట్టి అక్కడ కింది సగం పని జనవరిలో చేయాలి.

రాతి పని పైన మొదట రావాల్సింది వావిలి. బొటనవేలి మందం, 50–60 సెంటీమీటర్ల పొడవు ఉన్న కొమ్మ ముక్కలు కోసి, కింది చివర ఏటవాలుగా, పై చివర సమంగా నరకాలి. తలకిందులుగా పాతకుండా ఆ తేడాయే గుర్తు. కోసిన రోజే నాటడం మంచిది, లేకపోతే తడి గోనె చుట్టి నీడలో ఉంచాలి. గునపంతో ముందు రంధ్రం చేసి, ముక్కలో మూడింట రెండు వంతులు లోపలికి దించి, చుట్టూ మట్టి కాలితో తొక్కి గట్టిపరచాలి. సుత్తితో కొట్టి దించితే బెరడు చీలి వేరు రాదు. రెండు కణుపులైనా బయట ఉండాలి. వావిలిని పశువు ముట్టదు, వరదకు వంగి మళ్లీ లేస్తుంది. ఒడ్డుకు ఇంతకంటే ఏం కావాలి.

వాలు మధ్యలో వట్టివేరు. నిలువున మీటరుకు ఒక వరస, వరసలో 15 సెంటీమీటర్లకు ఒక పిలక. ఒకే మట్టంలో వరస సాగాలి, లేకపోతే పల్లపు చోట నీరు చేరి గాడి పెడుతుంది. దీని వేళ్లు అనుకూలమైన నేలలో 3 మీటర్ల దాకా నిలువుగా దిగుతాయి. దీని బలహీనత నీడ. చెట్లు కమ్ముకుంటే పలచబడుతుంది. అప్పటికి పొదలు అందుకోవాలి. మొదటి రెండేళ్లు ఏడాదికి రెండుసార్లు 30–40 సెంటీమీటర్ల ఎత్తుకు కోస్తే పక్క పిలకలు వచ్చి ఒత్తుగా కలుస్తుంది.

గట్టు పైన ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి. ఈ నాలుగూ మన వాగులవే, కొన్నాళ్లు వేళ్లు నీటిలో ఉన్నా తట్టుకుంటాయి. అంచు నుంచి 2 మీటర్లు వదిలి, 3 మీటర్ల దూరంలో, 45 సెంటీమీటర్ల గుంతల్లో, మీటరు ఎత్తు దాటిన ఏడాది మొక్కలనే పెట్టాలి. జానెడు మొక్క గడ్డిలో కలిసిపోతుంది. వెదురు, ఈత ఇంకా వెనక వరసలో. నీలగిరి, సుబాబుల్, కోనోకార్పస్ ఒడ్డుకు తేవద్దు. వాగు మధ్యలో ఏమీ నాటకూడదు. అక్కడ పెరిగే ఏ పొదైనా నీటిని గట్టు మీదికి తోస్తుంది.

100 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఒడ్డుకు, అంటే సుమారు 10 గుంటలు లేదా 25 సెంట్లకు, సరంజామా ఇలా ఉంటుంది: వట్టివేరు మూడు వరసలకు 2,000 పిలకలు, ఎండిపోయే వాటికి మరో 200; వావిలి రెండు వరసలకు అర మీటరు దూరంలో 400 ముక్కలు; చెట్లు రెండు మూడు వరసల్లో 70–100.

సర్కారు తుమ్మను పీకేయొద్దు

చాలా ఒడ్లను ఇప్పుడు పట్టి ఉంచుతున్నది సర్కారు తుమ్మే. పనికిరాని చెట్టని పొక్లెయిన్ పెట్టి వేళ్లతో పెకిలిస్తే గట్టు వదులైపోయి అదే ఏడు జారిపోతుంది. పైకి నరికి వదిలినా లాభం లేదు, నేల కింద మొదలు నుంచి పది చిగుళ్లు వేస్తుంది. గట్టు పైభాగంలో ఉన్నదాన్ని మొదలు చుట్టూ తవ్వి, నేల మట్టానికి 15–20 సెంటీమీటర్ల కింద నరకాలి. ఆ మొగ్గల భాగం పోతే మిగతా వేరు మెల్లగా కుళ్లుతుంది, అంతవరకు మట్టిని పట్టుకునే ఉంటుంది. వాలు మీద ఉన్నదాన్ని మాత్రం 20 మీటర్ల ముక్కలుగా, ఒక ముక్క తీసి అక్కడ వావిలి, గడ్డి నాటుకున్నాకే పక్క ముక్క తీయాలి. రెండు మూడేళ్ల పని. నరికిన ముళ్ల కొమ్మలు కొత్త మొక్కలకు కంచె. కాయలు తిన్న పశువుల పేడలో గింజలు మళ్లీ మొలుస్తాయి కనుక మొలకలను లేతగా ఉన్నప్పుడే పీకాలి.

భూమి, నిబంధన

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం (జీవో 168) 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా, కాలువల హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. ఇది భవనాలకే. అంచుదాకా దున్నడాన్ని ఈ నియమం ఆపదు, అక్కడ రైతు ఒప్పుకోలు తప్ప దారి లేదు. ఇసుకకు కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాలున్నాయి: లోతు 3 మీటర్లు మించకూడదు, ఒడ్డు నుంచి వాగు వెడల్పులో నాలుగో వంతు, 7.5 మీటర్లకు తగ్గకుండా, వదలాలి. 20 మీటర్ల వాగుకు ఈ లెక్క వేస్తే రెండు వైపులా 7.5 పోను మధ్యలో మిగిలేది 5 మీటర్లు. 15 మీటర్ల వాగులో తవ్వడానికి చోటే లేదు. ఊరి సభలో ఈ చిన్న లెక్క చెప్పగలిగితే చాలా వాదనలు తేలిపోతాయి.

పని మొదలయ్యే ముందు గ్రామ నక్షలో వాగు హద్దు చూసి, సర్వేయరుతో రాళ్లు పాతించి, పంచాయతీ తీర్మానం, నీటిపారుదల శాఖ అనుమతి తీసుకోవాలి. పట్టా భూమి కలిసే చోట రైతుకు ఏం మిగులుతుందో ముందే తేలాలి: గడ్డి కోత ఎవరిది, నేరేడు కాయ ఎవరిది, కానుగ గింజ ఎవరిది. ఏరుమద్ది ఆకు దసలి పట్టు పురుగుకు మేత. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో ఆ పురుగుల పెంపకం మీద బతికే కుటుంబాలున్నాయి కాబట్టి అక్కడ ఈ చెట్టుకు విలువ వేరుగా ఉంటుంది. ఆదాయం మాట రాతపూర్వకంగా లేకపోతే మూడో ఏట నాగలి మళ్లీ అంచుకు వస్తుంది.

నాటిన తర్వాత

మొదటి రెండు వేసవుల్లో చెట్టుకు వారానికి 10–15 లీటర్ల నీళ్లు, మొదలు చుట్టూ చెత్త కప్పు. కోతలయ్యాక వరి కొయ్యలకు పెట్టే నిప్పు ఒడ్డుకు పాకకుండా పొలం వైపు 3 మీటర్ల మేర గడ్డి చెక్కి ఉంచాలి. రెండేళ్ల శ్రమ ఒక్క మధ్యాహ్నంలో బూడిదవడం ఎక్కువగా ఈ నిప్పు వల్లే. బతికిన మొక్కల లెక్క సెప్టెంబరులో తీస్తే అంతా పచ్చగానే కనిపిస్తుంది. మే నెలాఖరున తీసినదే అసలు లెక్క. మూడింట ఒక వంతు కంటే ఎక్కువ పోయి ఉంటే ఖాళీలు నింపడం కంటే ముందు కారణం వెతకాలి: నీళ్లా, పశువులా, చెదలా, మట్టా.

ప్రతి పెద్ద వరద తర్వాత వారంలోపు ఒడ్డు నడిచి చువ్వలు కొలవాలి. రాయి కదిలిన చోట, గడ్డి వరస తెగిన చోట అప్పుడే సరిచేయాలి. ఒక అడుగు వెడల్పు గండిని ఆ వారంలో ఇద్దరు పూడుస్తారు, మరో వరద దాటితే యంత్రం కావాలి. వాగులోకి ఒరిగిన చెట్టు ప్రవాహాన్ని గట్టు మీదికి తిప్పుతుంటే దాన్ని తీసేయకుండా గట్టు అడుగు వెంట పొడవుగా తిప్పి, మేకులకు బలంగా కట్టేయవచ్చు. అది అడుగును కాపాడుతుంది, దాని వెనక మేట పడుతుంది.

నాలుగో ఐదో ఏట చెట్ల తలలు కలిసి నేల మీద చీకటి కమ్ముతుంది. కింద గడ్డి చచ్చి నేల బోసిపోతే పై నీటికి మళ్లీ గాళ్లు పడతాయి. కాబట్టి ఆ ఏడు కానుగ వరసలో ఒకటి విడిచి ఒకటి మొదలు దాకా నరకాలి. మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేరు అలాగే ఉంటుంది. ఏరుమద్ది కింది కొమ్మలను మనిషి ఎత్తు వరకు తీస్తే గడ్డికి వెలుతురు అందుతుంది. కొమ్మ నరకడం వరదలు పూర్తిగా ఆగాక, డిసెంబరు–జనవరిలో పెట్టుకోవాలి.